ఏడో నంబరు డబ్బా

పనిచేస్తున్న వస్తువును చూపించి ఇది చచ్చిపోయింది అనేవాడిని మా కోమాస్ గుట్ట మీద దొంగ అంటాం. సంతలో ఎవడైనా నిక్షేపంలాంటి బంగాళదుంపల బుట్ట చూసి, "ఇది కుళ్ళిందమ్మా, పారేసి నా దగ్గర కొనుక్కో" అంటే, నలుగురూ కలిసి వాడి చొక్కా పట్టుకుని బస్సెక్కించి పంపుతారు. ఆ చలికాలం, మా దగ్గర చలి జూన్‌లోనే మొదలవుతుంది, సరిగ్గా అదే మాట ఒక పెద్ద కంపెనీ అంది. వాడి చొక్కా ఎక్కడుందో మాకు తెలియదు. మా కబీనాలో ఉన్న ప్రతి కంప్యూటర్ తెర మీదా, ఒక మూల, మర్యాదగా రాసి ఉంది: అక్టోబరు నుంచి ఈ పాత సిస్టమ్ సంగతి మేము చూడము, మీ యంత్రం కొత్త సిస్టమ్‌కు పనికిరాదు, వేరే యంత్రం కొనుక్కోగలరు.

"ఎవడ్రా వీడు, నా ఇంట్లోకొచ్చి నా సామాను బయట పెట్టమనడానికి?" అన్నాను పైకే.

ఎవరూ తల తిప్పలేదు. ఆడుకునే వాళ్ళందరి చెవులకూ హెడ్‌ఫోన్లున్నాయి. ఆ నియమం నాదే. కబీనా అంటే గంటల లెక్కన కంప్యూటర్లు అద్దెకిచ్చే గది. కింద వాటాలో కబీనా, పైన మేముంటాం, మా పక్క రెండు గదులు అద్దెకిచ్చాం. కింద గోల చేస్తే పైవాళ్ళు ఖాళీ చేసి పోతారు. అందుకని ఎవడు ఎన్ని గోల్స్ కొట్టినా చెవులు మూసుకునే కొట్టాలి. నేను గల్లా దగ్గర కూర్చుంటాను. ఆటల సంగతి పూర్తిగా నా భర్త ఇలారియోది.

ఇలారియో ఆటలను పోగు చేశాడు. కొందరు పావురాలను పెంచినట్టు పెంచాడు. చేసిన కంపెనీ మూతబడిన ఆటలు, దుకాణాల్లో ఇక దొరకని ఆటలు, పగిలిన డిస్కుల్లోంచి ఊపిరి ఊది బతికించిన ఆటలు, అన్నీ ఒక లావుపాటి హార్డ్‌డిస్కుల పెట్టెలో ఉండేవి. దాన్ని పిల్లలు తల్లిపెట్టె అనేవారు. అందులోంచే ప్రతి కంప్యూటర్‌లోకీ ఆటలు దింపేవాడు. అన్నిటికన్నా గిరాకీ ఉన్నది ఒక ఫుట్‌బాల్ ఆట. అందులో యూరప్ జట్లను పీకేసి, మా గుట్ట మీది మట్టి మైదానంలో ఆదివారాలు ఆడే జట్లను పెట్టాడు. ఆటోవాళ్ళ జట్టు, చేపల బజారు జట్టు, సంత ఆడవాళ్ళ జట్టు, అందరూ వాళ్ళ వాళ్ళ మొహాలతో. మైదానంలో మైకు పట్టుకుని ఆట చెప్పేది కూడా ఇలారియోయే. ఆ గొంతునే రికార్డు చేసి ఆటలో పెట్టాడు. నేనెప్పుడూ వినలేదు. ఆదివారం కబీనా నిండుతుంది, నేను మైదానానికి పోతే గల్లా ఎవరు చూస్తారు? ఆడేవాళ్ళు ఒక్కోసారి ఉన్నట్టుండి నావైపు చూసి పగలబడి నవ్వేవారు. ఏదో పిచ్చి అనుకునేదాన్ని.

ఆ ఏడు చలికాలం రాకముందే ఇలారియో గొంతులో పుండు లేచింది. డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. మనిషి దక్కాడు, మాట పోయింది. వేలికున్న పెళ్ళి ఉంగరంతో బల్ల మీద కొడతాడు. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. అంతకన్నా పెద్ద మాటలుంటే చేతులు తిప్పుతాడు, లేదా ఊరుకుంటాడు. ఊరుకోవడమే ఎక్కువైంది.

మా అమ్మాయి రోక్సానా ఒక బ్యాంకులో పనిచేస్తుంది. మంచుతుంపర పడుతున్న ఒక ఉదయం, గొడుగు కూడా దులపకుండా లోపలికొచ్చి కూర్చుంది.

"అమ్మా, మందుల షాపుల కంపెనీవాళ్ళు మన కింద వాటా అడుగుతున్నారు. ఊరంతా వాళ్ళ షాపులే. అద్దె నెల మొదట్లో బ్యాంకులో పడిపోతుంది. నువ్వు పిల్లకాయలతో అరవక్కర్లేదు."

"నేనెక్కడ అరుస్తున్నాను?" అని అరిచాను.

"ఎలాగూ ఈ డబ్బాలు అక్టోబరుకి పోతాయి. ఏడో నంబరుది నిన్న మీరిద్దరూ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు వచ్చి అమ్మేశాను. కింద సందులో చర్చి పెట్టుకున్నాడే పాస్టర్ అబ్సలోన్, ఆయన ప్రసంగాలు టైపు చేసుకోవడానికి పట్టుకెళ్ళాడు."

"నన్నడక్కుండానా?"

"నువ్వే కదమ్మా, నిన్న ఫోనులో వీటిని వదిలించుకోవాలి అన్నావు."

అన్నాను. ఆ కంపెనీ మీద కోపంతో అన్న మాట అది. కాని వ్యాపారిగా లెక్క వేస్తే అమ్మాయి చెప్పిందాంట్లో తప్పు కనబడలేదు. కష్టపడకుండా వచ్చే అద్దెను వద్దనేవాడికి తలలో ఏదో లోపమున్నట్టే. సరే అనబోయాను.

ఇలారియో బల్ల మీద రెండుసార్లు కొట్టాడు.

"నాన్నా, వినండి ముందు," అంది రోక్సానా.

మళ్ళీ రెండుసార్లు కొట్టాడు. అమ్మాయి ఏదో అనబోయింది. అనకముందే ఇంకో రెండు. బల్ల మీదున్న ఓట్స్ జావ గిన్నె ఎగిరిపడింది. తర్వాత లేచి వెళ్ళి తల్లిపెట్టెను రెండు చేతులతో ఎత్తుకుని, గల్లా మీద నా ఎదురుగా పెట్టాడు. ఆపరేషన్ తర్వాత బరువులెత్తవద్దన్నారు.

"దించు ముందు," అన్నాను. "సరే. ఈ ఆటలు ఒక్కటి కూడా పోకుండా కొత్త సిస్టమ్‌లోకి వస్తే కబీనా ఉంటుంది. రాకపోతే మందుల షాపు. ఒప్పుకుంటావా?"

ఒకసారి కొట్టాడు. బేరం కుదిరింది.

ముందు నగరంలో కంప్యూటర్లమ్మే పెద్ద వీధికి వెళ్ళాం. అద్దాల షాపులో కుర్రాడు, జుట్టుకి నూనె, మెడలో బిళ్ళ.

"సెన్యోరా, పాతవి మాకిచ్చేయండి, కొత్తవి పట్టుకెళ్ళండి. వాటితో పాటు ఆటలు కూడా. నెలనెలా కడుతుంటే చాలు, వందల ఆటలు మీవే."

"మా ఆటలు మాకున్నాయి. అవి ఇందులో నడుస్తాయా?"

"అంత పాతవి ఎందుకమ్మా? ఇవి చూడండి."

"నెల కట్టకపోతే?"

"కట్టకపోతే రావు."

"అప్పుడు నావెలా అయ్యాయి?"

నవ్వాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది. "బాబూ, అద్దెకిచ్చే వ్యాపారం నాది. నా కుర్చీలో కూర్చున్న ఏ పిల్లాడికీ ఈ కుర్చీ నీదే అని నేనెప్పుడూ చెప్పలేదు. అద్దె సరుకును సొంతమని అమ్మేవాళ్ళను మా సంతలో ఏమంటారో ఇక్కడ ఆడపిల్లలున్నారని చెప్పడం లేదు," అన్నాను. ఇలారియో నా మోచేయి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. అతని భుజాలు ఊగుతున్నాయి. నవ్వు అని తర్వాత అర్థమైంది. చప్పుడు లేని నవ్వుకి నేనింకా అలవాటు పడలేదు.

వెనక మెట్ల కింద రిపేరు చేసుకునే తియోదులో మేస్త్రీ దొరికాడు. పెన్‌డ్రైవ్ తీసి చూపించాడు.

"ఇదమ్మా, వేరే సిస్టమ్. మీ పాత డబ్బాల మీద పరిగెత్తుతుంది. దీనికి డబ్బు కట్టక్కర్లేదు."

"ఉచితమంటే నాకు భయం మేస్త్రీ. దీని వెనక ఎవడు కడుతున్నాడు?"

"ఎవడూ కట్టడు. దేశదేశాల్లో కూర్చుని తోచినవాళ్ళు తోచినంత రాస్తారు. మనం సామూహికంగా రోడ్డేసుకోలేదా గుట్ట మీద, అట్లా."

ఆ మాట నాకు నచ్చింది. ఆ రోడ్డుకి నేనూ రాళ్ళు మోశాను. ఏ మునిసిపాలిటీ వాడూ వచ్చి అది చచ్చిపోయిందని ఇంతవరకూ చెప్పలేదు.

కబీనా కొన్నాళ్ళు మూసేశాం, మేస్త్రీ అందులోనే ఒక మూల బల్ల వేసుకున్నాడు. పాత సిస్టమ్‌ని తుడిచేసి కొత్తది ఎక్కించడం, తల్లిపెట్టెలోంచి ఆటలు దింపడం, ఒక్కొక్కటి నడిపి చూడటం. ఆ ఆటలు పాత సిస్టమ్ భాషలో మాట్లాడతాయట, మధ్యలో ఒక దుబాసీని కూర్చోబెట్టాలట. కొన్ని మొదటి పిలుపుకే లేచాయి. కొన్నిటిని బుజ్జగించాల్సి వచ్చింది. కార్ల ఆట ఒకటి చక్రాలు లేకుండా గాల్లో పోయేది, దాన్ని సరిచేయడానికి మేస్త్రీకి చాలా టీలు పట్టాయి. ఇలారియో పక్కనే కూర్చుని, సరిగ్గా వస్తే ఒకసారి, లేకపోతే రెండుసార్లు కొట్టేవాడు. ఎన్నాళ్ళకో మనిషి మొహంలో రక్తం కనబడింది. అన్నం కూడా చేత్తో చూపించి మళ్ళీ పెట్టించుకున్నాడు. అక్టోబరు వచ్చింది. వీధిలో ఊదారంగు తోరణాలు కట్టారు, మా దేవుడి ఊరేగింపు నెల కదా, అందరూ ఊదారంగే కడతారు. బేకరీల్లో తుర్రోన్ మిఠాయి పేర్చారు. కబీనా మళ్ళీ తెరిచాం.

మొదట కూర్చున్నది ఎఫ్రాయిన్. ఆటో నడుపుతాడు, పొద్దున్న సవారీలు అవగానే వచ్చి ఆటోవాళ్ళ జట్టుతో ఆడతాడు. ఆట మొదలైంది. మైదానం వచ్చింది, మొహాలు వచ్చాయి. ఇలారియో వెనక నిలబడ్డాడు. ఎఫ్రాయిన్ హెడ్‌ఫోన్లు తీసి నావైపు తిరిగాడు.

"అత్తా, మామ ఏడీ?"

"నీ వెనకాలే ఉన్నాడు, కళ్ళు లేవా?"

"అది కాదత్తా. ఆటలో. ఎవడో స్పెయిన్‌వాడు అరుస్తున్నాడు. మామ గొంతు లేదు."

ఇలారియో హెడ్‌ఫోన్లు లాక్కుని చెవికి ఆనించాడు. కాసేపు విన్నాడు. జాగ్రత్తగా వాటిని కొక్కేనికి తగిలించి, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు.

మేస్త్రీ తల్లిపెట్టె అంతా గాలించాడు. చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పాడు. "ఆట పెట్టెలో ఉందమ్మా. గొంతు పెట్టెలో లేదు. అదనంగా పెట్టుకున్న గొంతును ఈ ఆట తన దగ్గర ఉంచుకోదు, సిస్టమ్ లోపల వేరే అరలో దాస్తుంది. మనం సిస్టమ్‌ని తుడిచినప్పుడు..."

"అన్నిట్లోనూ తుడిచామా?"

"అన్నిట్లోనూ."

రికార్డు చేసిన ఫోన్ ఎప్పుడో బస్సు కిటికీలోంచి ఎవడో లాక్కుపోయాడు. మైదానంలో చెప్పింది గాలిలో పోయింది. ఆ కంపెనీ వాడు, తెర మూల నుంచి అంత మర్యాదగా బెదిరించినవాడు, ఏది పోతుందో ఒక్క ముక్క చెప్పాడా? కొనుక్కోమన్నాడు. ఏది కొనుక్కోవాలి? ఏ షాపులో అమ్ముతారు?

అప్పుడు ఏడో నంబరు గుర్తొచ్చింది. తుడవనిది అదొక్కటే. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా కింద సందులోకి పరిగెత్తాను.

పాస్టర్ అబ్సలోన్ ప్లాస్టిక్ కుర్చీలు తుడుచుకుంటున్నాడు. నేను చెప్పింది విని, ఛాతీ మీద చేయి వేసుకున్నాడు.

"సోదరీ, మొదటిరోజే, సంఘమంతా చూస్తుండగా, ఆ తుపాకులు, ఆ జూదాలు, ఆ ఫుట్‌బాలు, అన్నీ నా చేతులతో చెరిపేశాను. దేవుడి ఇల్లు ఇది."

"ఫుట్‌బాల్ ఏం పాపం చేసింది మీకు?"

"ఆదివారం జనమంతా ఎక్కడుంటున్నారు సోదరీ? నా దగ్గరా, మైదానంలోనా?"

"మీ ప్రసంగం బాగుంటే మీ దగ్గరే ఉందురు!" అని వచ్చేశాను. పాస్టర్‌తో అలా మాట్లాడకూడదు. కాని దేవుడికి కూడా ఆ రోజు నా మీద కన్నా ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చి ఉంటుంది.

ఆ తర్వాత ఇలారియో కిందికి దిగడం మానేశాడు. సూప్ చల్లారిపోయేది. ఉంగరం చప్పుడు వినబడేది కాదు. అవునూ లేదు, కాదూ లేదు. రోక్సానా వచ్చి, గొంతు తగ్గించి, మందుల కంపెనీవాళ్ళు ఊరేగింపు వెళ్ళాక కాగితాలు తెస్తారని చెప్పింది. నేను తల ఊపాను. బేరంలో నేను ఒక్కటి కూడా పోకుండా అన్నాను. ఒక్కటి పోయింది.

ఊరేగింపు రోజు, వీధి నిండా ధూపం, బ్యాండు మేళం. రోక్సానా, మేస్త్రీ, నేను గుమ్మంలో నిలబడి ఉన్నాం. ఇలారియోను బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టాం. ఊదారంగు బట్టల జనానికి ఎదురీదుకుంటూ పాస్టర్ అబ్సలోన్ వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"సోదరీ సెనైదా! మీరు నాకు అమ్మింది కంప్యూటర్ కాదు. దయ్యం! వెనక్కి తీసుకోండి."

"అమ్మిన సరుకు వెనక్కి తీసుకునే అలవాటు మా ఇంట్లో లేదు. ఏం చేసిందేం?"

"శనివారం కూర్చుని ప్రసంగం టైపు చేస్తాను. ఆదివారం తెరిస్తే ఒక్క అక్షరం ఉండదు! పోయిన వారం క్షమాగుణం మీద రాశాను. ఎంత బాగా వచ్చిందనుకున్నారు! పోయింది. ఇకపోతే నేను చెరిపేసిన ఆటలు..."

"ఆటలు?"

"మళ్ళీ వచ్చి కూర్చుంటాయి! చెరుపుతాను, మర్నాడు వస్తాయి. ఉపవాసం చేసి చెరిపాను. తలుపులు మూసుకుని ప్రార్థన చేసి, నూనె రాసి చెరిపాను. స్విచ్చి వేయగానే అన్నీ వరసగా నిలబడి నన్నే చూస్తాయి. ఎవరికి చెప్పుకోను? సంఘంలో తెలిస్తే..."

ఆయనింకా ఏదో చెబుతున్నాడు. నా వెనక కుర్చీ చెక్క మీద ఉంగరం మోగింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. మళ్ళీ, మళ్ళీ.

కబీనా నడిపేవాళ్ళకు ఇది మొదటి పాఠం లాంటిది. రోజంతా ఊరి పిల్లలు వేళ్ళు పెట్టే యంత్రాలు కదా, ఏం ఎక్కిస్తారో, ఏం పీకుతారో తెలియదు. అందుకని ప్రతి డబ్బానూ ఒక మంచి స్థితిలో ఉంచి గడ్డకట్టిస్తాం. ఆ తర్వాత ఎవరు ఏం రాసినా, ఏం చెరిపినా, ఆపి మళ్ళీ వేస్తే అది గడ్డకట్టిన రోజుకే తిరిగి వస్తుంది. హోంవర్కు చేసుకుని ఆపేసిన పిల్లల తల్లులు దానివల్ల నా మీదకు ఎన్నిసార్లు కొట్లాటకొచ్చారో! అమ్మేటప్పుడు మాత్రం గడ్డ విప్పి ఇవ్వడం మర్యాద.

రోక్సానావైపు చూశాను. నోటి మీద చేయి పెట్టుకుంది.

"అమ్మా... విప్పడం మర్చిపోయాను."

"పాస్టరయ్యా," అన్నాను, "మీ దయ్యం ఇప్పుడెక్కడుంది?"

ఎఫ్రాయిన్ ఆటో ఊరేగింపులో ఇరుక్కుంది. అక్కడే వదిలేసి మాతో పాటు నడిచాడు. చర్చిలో ఏడో నంబరు డబ్బా ప్రసంగ వేదిక పక్కన, పాటలకోసం పెద్ద స్పీకర్లకు తగిలించి ఉంది. ఎఫ్రాయిన్ ఆట తెరవబోతే చేయి మీద కొట్టాను.

"ముందు నకలు. వినడం తర్వాత. మేస్త్రీ, ఆ అర వెతుకు."

మేస్త్రీ వెతికాడు. దొరికింది. తన పెన్‌డ్రైవ్‌లోకి ఒక నకలు, ఇలారియో వద్దన్నా వినకుండా మోసుకొచ్చిన తల్లిపెట్టెలోకి ఒక నకలు, రోక్సానా సంచిలో ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి ఒక నకలు. అంతసేపూ పాస్టర్ నా చెవిలో, "అయితే దయ్యం కాదంటారా?" అంటూనే ఉన్నాడు.

"కాదు. మా అమ్మాయి మతిమరుపు. మీ ప్రసంగాలు నిలబడేట్టు మేస్త్రీ చేసి పెడతాడు. చెరిపిన పుణ్యం మీకు రాలేదు, అంతే."

అప్పుడు ఎఫ్రాయిన్ ఆట తెరిచాడు. ఆటోవాళ్ళ జట్టుకీ, సంత ఆడవాళ్ళ జట్టుకీ పోటీ. చర్చి స్పీకర్లలోంచి, బయటి బ్యాండును మింగేస్తూ, నా భర్త గొంతు వచ్చింది.

"...ఎడమవైపు నుంచి ఆటోవాళ్ళు! హారన్ లేదు, బ్రేకు లేదు, నేరుగా గోల్ మీదకే! కొట్టాడు... అమ్మమ్మమ్మమ్మా! గోల్‌కీపర్ దోన్యా సెనైదా! దూకింది, పట్టింది! ఇంక ఆశ వదులుకోండి తమ్ముళ్ళూ! మా ఆవిడ చేతికి చిక్కిన బంతి మా ఇంట్లో చిల్లర లాంటిది, లోపలికి పోవడమే కాని బయటికి రావడం లేదు!"

తెర మీద, చేతిలో బంతి పట్టుకుని, నా మొహంతో, నా ఊదారంగు స్వెటర్‌తో, ఒక గోల్‌కీపర్ నిలబడి ఉంది. పాస్టర్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. మేస్త్రీ వైర్లు చూస్తున్నట్టు వంగాడు. ఎఫ్రాయిన్ దాచుకోలేదు, పగలబడి నవ్వాడు, ఎప్పుడూ నవ్వినట్టే.

"ఇన్నేళ్ళ నుంచా?" అన్నాను ఇలారియో వైపు తిరిగి. నా గొంతు నేననుకున్నంత గట్టిగా రాలేదు. "ఇన్నేళ్ళ నుంచీ నన్ను ఈ గుట్టంతటికీ వేళాకోళం చేసి వినిపిస్తున్నావా? నా ఇంట్లో, నా కరెంటుతో, నేను పెట్టించిన హెడ్‌ఫోన్ల చాటున?"

ఇలారియో పాస్టర్ గారి ప్రసంగ వేదిక మీద ఉంగరంతో కొట్టాడు. ఒక్కసారి.

మందుల కంపెనీకి రోక్సానాయే ఫోన్ చేసింది. వాళ్ళు ఎదురుగా చికెన్ షాపు వాటా తీసుకున్నారు. మర్నాడు కబీనాలో హెడ్‌ఫోన్లన్నీ కొక్కేల నుంచి తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. పై గదుల వాళ్ళు దిగొచ్చి, ఈ గోల ఇలాగే ఉంటే ఖాళీ చేసి పోతామన్నారు.

పొమ్మన్నాను.